ప్రీ-సబ్మిషన్ సెమినార్ గట్టెక్కింది: నా అనుభవం

నిన్న సాయంత్రం కమిటీ సంతకాలు పడ్డాయి. పీహెచ్‌డీలో రిజిస్ట్రేషన్, కోర్స్‌వర్క్, ఫీజులు ఓపిగ్గా తిరిగితే అయిపోతాయి. ప్రాణం తోడేసింది థీసిస్ ఇచ్చే ముందు కమిటీకి పని చూపించే ఈ సెమినారే.

నా టాపిక్ అణు గొలుసు చర్యలో (ఒక కేంద్రకం చీలి వదిలిన న్యూట్రాన్లు ఇంకొన్నిటిని చీల్చడం) న్యూట్రాన్ల సంఖ్య హెచ్చుతగ్గులు. థర్మల్ (నెమ్మదిగా కదిలే) న్యూట్రాన్ తగిలి యురేనియం-235 విచ్ఛిత్తి చెందితే, అంటే చీలితే, సగటున 2.4 న్యూట్రాన్లు వస్తాయి. అది సగటు మాత్రమే. ఒకసారి ఒక్కటీ రాదు, ఇంకోసారి ఐదొస్తాయి. వాటిలో ఏది ఇంకో కేంద్రకాన్ని చీలుస్తుందో, ఏది బయటికి పోతుందో ముందే చెప్పలేం. సరిగ్గా క్రిటికల్ స్థితిలో, అంటే ఒక్కో విచ్ఛిత్తి సగటున ఇంకొక్క విచ్ఛిత్తికి దారితీసేప్పుడు కూడా, ఒక్క న్యూట్రాన్‌తో మొదలైన గొలుసు ఎప్పుడో ఒకప్పుడు ఆరిపోతుంది. ఇంటిపేర్లు ఎలా అంతరిస్తాయని 1870లలో గాల్టన్, వాట్సన్ వేసిన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది.

మొదటిసారి సెమినార్‌లో నా కంప్యూటర్ సిమ్యులేషన్ గ్రాఫ్ పెట్టాను. డిటెక్టర్ లెక్కల వేరియన్స్‌ని (సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సగటుతో భాగిస్తే ఒకటి దాటి, గేట్ సమయం (ఒక్కో లెక్కింపు వ్యవధి) పెంచేకొద్దీ ఎక్కి, చివర్లో నిలకడకొచ్చే గీత. బయటి నుంచి వచ్చిన మెంబర్ లేచి తెర దగ్గరికొచ్చి, 'ఒకటి' అంకె మీద పెన్ను ఆనించి, "ఏంటమ్మా ఇది? కౌంటింగ్ అంటే పాయిసన్, దేనికది విడిగా వచ్చేవాటి లెక్క. వేరియన్స్, సగటు సమానం రావాలి. ప్రోగ్రామ్ సరిచేసుకుని రా" అన్నారు. "సార్, ఒకే గొలుసులో పుట్టినవి గుంపుగా వస్తాయి, అందుకే..." అంటుండగానే మా గైడ్ వైపు తిరిగి, "వీళ్లకి స్టాటిస్టిక్స్ చెప్పరా?" అన్నారు. వెనక జూనియర్లంతా ఉన్నారు. గైడ్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. ఆ మౌనం నేను మర్చిపోను. ఫైన్‌మన్, డీ హాఫ్‌మన్, సెర్బర్ 1956లోనే పేపర్ వేసిన విషయమిది. రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) ఉన్న హైదరాబాద్‌లో ఈ సబ్జెక్ట్ తెలిసినవాళ్లని పిలవడం అంత కష్టమా?

రెండోసారి సెమినార్‌కి గ్రాఫ్‌లో ఒక్క చుక్క కూడా మార్చలేదు. పక్కన ఇంకో రన్ పెట్టాను: అదే జామెట్రీ (అమరిక), అదే సోర్స్ (న్యూట్రాన్లనిచ్చే మూలం), విచ్ఛిత్తి మాత్రం ఆపేశాను. నిష్పత్తి ఒకటి దగ్గరే గీత గీసినట్టు నిలబడింది. విచ్ఛిత్తి ఆన్ చేయగానే లేచింది. ఈసారి ఆయన చాలాసేపు చూసి, "ముందే ఇది చూపించాల్సింది" అన్నారు. సారీ మాత్రం లేదు.

ఈ పని చేసేవాళ్లకు ఒక్క మాట. ఈ పోలికకి కాలిఫోర్నియం-252 సోర్స్ వాడకండి. అది తనంతట తానే చీలి ఒక్కో విచ్ఛిత్తికి సగటున దాదాపు 3.8 న్యూట్రాన్లు వదులుతుంది, కాబట్టి చుట్టూ యురేనియం లేకపోయినా నిష్పత్తి ఒకటి దాటుతుంది. న్యూట్రాన్లని గుంపుగా కాక దాదాపు ఒక్కొక్కటిగానే వదిలే అమెరీషియం-బెరీలియం తీసుకోండి. రెండు గీతలూ ఒకే స్లైడ్‌లో, మొదట్లోనే పెట్టండి. గైడ్ మీకోసం మాట్లాడతారని మాత్రం కూర్చోకండి.

లైబ్రరీ నో-డ్యూస్ ఒక్కటే మిగిలింది.