గోడ మీద నుంచి కోసిన మందారం

మా క్రాస్‌లో, అంటే మా అడ్డవీధిలో, పొద్దున్నే అయిదున్నరకి ఒక పెద్దాయన వాకింగ్‌కి వస్తారు. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో కొక్కెం కట్టిన కర్ర. మా కాంపౌండ్ మీదకి వంగిన మందార కొమ్మని కిందికి లాగి మొగ్గలతో సహా తెంపుకుని, పైగా గోవింద నామాలు చదువుకుంటూ వెళ్ళిపోతారు. మొన్న ఉండబట్టలేక అడిగేశా. "దేవుడికే కదమ్మా, గీతలో పత్రం పుష్పం అన్నాడు కదా స్వామి" అన్నారు. బెంగళూరులో ఏ లేఅవుట్ చూసినా ఇదే భాగోతంలెండి.

అన్నాడు నిజమే, కానీ "యో మే భక్త్యా ప్రయచ్ఛతి", అంటే ఎవరు నాకు భక్తితో ఇస్తారో, అని కూడా అన్నాడు. ఇవ్వాలంటే ముందు అది మనది అయి ఉండాలా వద్దా?

నాకు ఆ శ్లోకంలో అన్నిటికంటే ఇష్టం తోయం, అంటే నీళ్ళు. పత్రం, పుష్పం, ఫలం... మొక్క పెరిగే వరసే కదా అది, ముందు ఆకు, తర్వాత పువ్వు, ఆ తర్వాత కాయ. మరి నీళ్ళు చివర్న ఎందుకు పెట్టాడు అని చాలా రోజులు ఆలోచించా. మనం నీళ్ళు ఎక్కడ పోస్తాం, మొదట్లో కదా, అడుగున! ఆ వరసలో కూడా అడుగునే ఉంది. పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ, పాదు తవ్విన వాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది.

2024 మార్చిలో ఇక్కడ నీళ్ళకి ఎంత కటకటలాడామో గుర్తుందిగా, మొక్కలకి తాగే నీళ్ళు వాడితే 5,000 ఫైన్ అన్నారు. మా బోరు కూడా అప్పుడే ఎండింది. మా అత్తయ్య బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు బకెట్‌లో పట్టి, చెంబుతో ఒక్కో మొదట్లో పోసేది, తులసికి మొదట, తర్వాత మల్లెకి, ఆఖర్న వంకాయ మొక్కలకి. "అభిషేకం అంటే ఇదేనే అమ్మాయ్" అనేది. ఆ ఏడు మల్లెలు దండకి కూడా చాలలేదు, ఒక దోసెడు పూశాయంతే. ఆ దోసెడే దేవుడి పాదాల దగ్గర పెట్టి ఏడ్చేసింది.

అనంతాళ్వార్ల కథ అందరికీ తెలిసిందే. గురువు రామానుజులవారు అడిగితే తిరుమల కొండెక్కి స్వామి పూలతోట కోసం చెరువు తవ్వడం, నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోస్తుంటే ఒక పిల్లాడు తట్ట అందుకోవడం, కోపంతో ఆయన విసిరిన గునపం ఆ పిల్లాడి గడ్డానికి తగలడం, ఆ పిల్లాడు వేంకటేశ్వరస్వామే అని తేలడం, అందుకే స్వామి గడ్డానికి పచ్చకర్పూరం. గుడి మహాద్వారం దగ్గర ఆ గునపానికి దండం పెడతాం, కానీ ఒక్క సంగతి పట్టించుకోం. స్వామి వచ్చేసరికి అక్కడ పువ్వే లేదు! ఇంకా నీళ్ళే పడలేదు. ఆయన దండ కోసం రాలేదండీ, మట్టి తట్ట మొయ్యడానికి వచ్చాడు. మనమేమో పెళ్ళిళ్ళలో పాలికల్లో (మొలకల కోసం పెట్టే మట్టి పాత్రల్లో) నవధాన్యాలు కూడా ఫోటోగ్రాఫర్ కోసం చల్లుతున్నాం.

ఫాల్గుణం అయిపోవస్తోంది, ఉగాది ముందరే ఉంది. ఇంటి పక్కన అర సైట్ ఉన్నా, రెండు కుండీలే ఉన్నా మొదలుపెట్టండి. బెండ గింజలు రాత్రి నానేసి పొద్దున్న పెట్టండి, బీర, సొర పాదులు గోడ వారగా పెట్టండి, తోటకూర చల్లితే చాలు అదే వస్తుంది. దసరాకి గుమ్మానికి కట్టిన బంతిదండ నేను పారెయ్యను. ఎండాక నలిపితే సన్నటి నల్ల సూదికి తెల్ల తోక ఉన్నట్టు గింజలు రాలతాయి, నిన్న అవే చల్లా. ఇంకా ఒక హార్లిక్స్ సీసా నిండా మిగిలాయి. ఆ పెద్దాయనకి ఒక గుప్పెడు పొట్లం కట్టి పెట్టా, రేపు అయిదున్నరకి గేటు దగ్గర నిలబడతా. మీకూ కావాలంటే బెల్ కొట్టి అడగండి, కొక్కెం కర్ర మాత్రం ఇంట్లో పెట్టి రండి.