శుభలేఖ కోసం వాలు అక్షరాలు: తొమ్మిదో వారం

అక్క కూతురి శుభలేఖ కోసం గీస్తున్న ఇటాలిక్ ఫాంట్‌లో చిన్న అక్షరాలు ఇరవై ఆరూ అయ్యాయి. క్యాపిటల్స్ పద్దెనిమిది పూర్తయ్యాయి, అంకెలు ఇంకా ముట్టుకోలేదు. ఆఫీసు నుంచి చెన్నై వేళచ్చేరిలో ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది కాబట్టి రోజుకు గంట, ఆదివారాలు నాలుగు గంటలు. మూడు వారాల్లో కార్డు అచ్చుకు వెళ్లాలి.

మన శుభలేఖల్లో ఇంగ్లీషు వైపు తిప్పగానే కళ్లు పడేది ఒకే మాట మీద: వెడ్స్. పైన వధువు పేరు, కింద వరుడి పేరు, మధ్యలో వాలుగా నాలుగు అక్షరాలు. అందుకే డబ్ల్యూ, ఇ, డి, ఎస్‌లతో మొదలుపెట్టాను. డి పొట్ట కుదిరితే ఎ, జి, క్యూ పొట్టలు దాంట్లోంచే వస్తాయి. తర్వాత ఎన్ వంపు పట్టుకుంటే ఎం, హెచ్ దొరుకుతాయి.

మొదటి రెండు వారాల పని మాత్రం చెత్తబుట్టకే వెళ్లింది. నిటారు అక్షరాలు గీసి, ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో తొమ్మిది డిగ్రీలు పక్కకు వంచాను. ఓ చూడగానే తేడా తెలిసింది. కుడివైపు పైన, ఎడమవైపు కింద లావెక్కింది. మిగతా రెండు చోట్లా సన్నబడింది. పైగా ఎ పైన కొక్కెం, కింద పొట్ట ఉన్న రెండంతస్తుల ఎ గానే ఉంది, ఎఫ్ తోక కిందికి దిగలేదు. ఇటాలిక్ పుట్టుకే వేరు, అది వేగంగా సాగే కలంరాత. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు రోమన్ కవి వర్జిల్ కావ్యాలను చిన్న సైజులో అచ్చు వేసినప్పుడు, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన వాలు అక్షరాలతోనే పుస్తకం మొత్తం కూర్చాడు. ఒక మాటను నొక్కి చెప్పడానికి మాత్రమే ఇటాలిక్ వాడటం తర్వాత వచ్చిన అలవాటు. ఆ పుస్తకంలో క్యాపిటల్స్ నిటారుగా, కాస్త పొట్టిగా ఉంటాయి. అది నాకు బాగా నచ్చింది. నా క్యాపిటల్స్‌కు ఆరు డిగ్రీల వాలే ఇచ్చాను, చిన్న అక్షరాలకు తొమ్మిది.

కాబట్టి కలం పట్టుకున్నాను. 3.8 మి.మీ. వెడల్పు పాళీ ఉన్న ప్యారలల్ పెన్, పాళీ కోణం 45 డిగ్రీలు, చిన్న అక్షరం ఎత్తు అయిదు పాళీల వెడల్పు, అంటే 19 మి.మీ. ఒక్కో అక్షరం నలభైసార్లు రాసి, నచ్చిన రెండు మూడు స్కాన్ చేసి, వాటి మీద గీతలు వేశాను.

అసలు ఆనందం తలకట్టు దగ్గర దొరికింది. తెలుగు వైపుకు టిరో తెలుగు వాడుతున్నాం; గీతల్లో లావు సన్నం తేడా ఉన్న ఫాంట్ కాబట్టి నా సెరిఫ్ అక్షరాల (గీతల చివర చిన్న అంచులున్నవి) పక్కన ఒదుగుతుంది. దాని తలకట్టులో కుడివైపు గీత పైకి లేచే కోణం కొలిచి, నా ఐ, ఎన్, డి చివర పైకి లేచే తోకకు అదే కోణం ఇచ్చాను. ప్రింటు తీసి పక్కపక్కన పెడితే రెండు లిపులూ ఒకే చేతిలోంచి వచ్చినట్టున్నాయి. అక్క చూసి, “ఒరేయ్, ఇంగ్లీషు కూడా మన అక్షరంలాగే ఉందిరా” అంది. ఈ ఫాంట్ మొదలుపెట్టింది ఆ మాట కోసమే.

అక్షరాల మధ్య ఎడం సరిచేయడానికి లక్ష్మి పేరు కన్నా మంచి పరీక్ష లేదు. ఇంగ్లీషులో రాస్తే చివర హెచ్, ఎం, ఐ వరసగా వస్తాయి, అంటే ఆరు నిలువు గీతలు. హెచ్ లోపలి ఖాళీ 205 యూనిట్లు (ఫాంట్ సైజును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక యూనిట్), అక్షరానికీ అక్షరానికీ మధ్య కూడా 205 పెడితే పేరు ముక్కలైంది. 185కి తగ్గించాక ఆరూ ఒకే జాలీలా నిలిచాయి. చి.ల.సౌ. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎల్ పక్కన ఎ విడిపోయినట్టుంది. అక్కడ కెర్నింగ్, అంటే ఆ జంటకు మాత్రమే చేసే ఎడం సర్దుబాటు, మైనస్ 18.

పోయిన శనివారం నమూనా తీసుకుని చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్లాను. కార్డుల షాపాయన భూతద్దం పెట్టి చూసి, “సార్, 0.2 మి.మీ. కన్నా సన్నగా ఉంటే గోల్డ్ ఫాయిల్‌లో గ్యారంటీ ఇవ్వలేను, గరుకు కాగితం కదా” అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేశాను. నా సన్నగీత 1000కి 24 యూనిట్లు. వెడ్స్ ఉన్న 48 పాయింట్లలో అది 0.41 మి.మీ., నిశ్చింతగా అచ్చవుతుంది. చిరునామా ఉన్న 11 పాయింట్లలో 0.09 మాత్రమే. ఒకే గీతతో రెండు సైజులూ నడవవు. సీసపు అక్షరాల రోజుల్లో ఒక్కో సైజుకు విడిగా పంచ్ (అక్షరం చెక్కిన ఉక్కు ముక్క) చెక్కేవారు, కాబట్టి సైజును బట్టి గీతను మార్చుకోగలిగేవారు. చిన్న సైజుకు వేరే ఫాంటు ఫైలు మొదలుపెట్టాను: సన్నగీత 52, లావుగీత 68 నుంచి 76, ఎడం కాస్త ఎక్కువ. ఇ కన్ను (లోపలి మూసిన ఖాళీ) కూడా పెద్దది చేశాను, లేకపోతే అది ఫాయిల్‌తో పూడుకుపోతుంది.

ఈ ఆదివారం అంకెలు. పాతకాలపు పద్ధతిలో ఎగుడుదిగుడు అంకెలే గీస్తాను, చిన్న అక్షరాల మధ్య అవే కలుస్తాయి. ముహూర్తం ఉదయం 9.47కి. 9, 4, 7 మూడూ గీత కిందికి దిగే అంకెలే, వాటి కింది వరుసలోనే కల్యాణమండపం పేరుంది. ఆ పేరులో కె, ఎల్ తలలు వీటి తోకలకు తగలకుండా వరుసల మధ్య ఇంకో రెండు పాయింట్లు వదలాలి.