బంగాయ్ కార్డినల్ పిల్లలు మేతకొచ్చాయి

మార్చి

నా ఉప్పునీటి ట్యాంకులో బంగాయ్ కార్డినల్ అనే చిన్న సముద్రపు చేపల జత ఉంది. అందులో మగచేప మేత మానేసింది. దవడ కింద ఉబ్బింది, నోరు పూర్తిగా మూయడం లేదు. గుడ్లు నోట్లో ఉన్నాయి! బంగాయ్ కార్డినల్‌లో ఆడది గుడ్లు పెట్టగానే మగది వాటిని నోట్లోకి తీసుకుంటుంది. దాదాపు 20 రోజులకు పొదుగుతాయి. ఆ తర్వాత ఇంకో వారం, పది రోజులు పిల్లల్ని కూడా నోట్లోనే దాచుకుంటుంది. అన్నాళ్లూ దానికి తిండి ఉండదు. చాలా సముద్రపు చేపల పిల్లలు ముందు నీటి వాలున తేలే లార్వాలుగా బతకాలి. వీటికి ఆ దశే లేదు, బయటికొచ్చేసరికే తల్లిదండ్రుల రూపం ఉంటుంది. ఇంట్లో పిల్లలు చేయించాలనుకునేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలని నేననేది అందుకే.

ఇవి సహజంగా ఉండేది ఇండోనేషియాలో, సులవేసి పక్కనున్న బంగాయ్ దీవుల దగ్గర. అక్వేరియంల కోసం ఏటా లక్షల్లో పట్టేయడంతో 2007లో ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వీటిని అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. కాబట్టి కొనేటప్పుడు ట్యాంకులో పుట్టినవేనా అని అడిగి తీసుకోండి.

నా ట్యాంకు 3 అడుగులది, సుమారు 190 లీటర్లు. సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఆర్‌ఓ నీళ్లలో లీటరుకు 35 గ్రాముల చొప్పున అక్వేరియం సాల్ట్ మిక్స్ కలుపుతాను. వైజాగ్‌లో ఉండి ఉప్పు కొనడమేంటని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. వానాకాలం చివర్లో నదుల నీళ్లు కలిసి బంగాళాఖాతం పైనీటిలో ఉప్పు బాగా తగ్గుతుంది, ఒడ్డు దగ్గర మురుగు కూడా కలుస్తుంది. రుషికొండ బీచ్ నీళ్లు తెచ్చి చేపల ప్రాణాలతో ఆడలేను.

ఏప్రిల్

పిల్లలు బయటికి రావడానికి వారం ముందు, లైట్లు ఆపాక మగదాన్ని ప్లాస్టిక్ డబ్బాతో నీళ్లతో సహా ఎత్తి చిన్న ట్యాంకులోకి మార్చాను. వల వాడకూడదు, బెదిరితే గుడ్లనూ పిల్లలనూ మింగేస్తుంది లేదా ఉమ్మేస్తుంది. సముద్రంలో ఈ పిల్లలు డయాడెమా సీ అర్చిన్ (పొడవాటి నల్లముళ్లుండే గుండ్రటి సముద్రజీవి) ముళ్ల మధ్య దాక్కుంటాయి. దానికి బదులు నల్ల కేబుల్ టైలు ప్లాస్టిక్ జాలీకి గుచ్చి పెట్టాను. బయటికొచ్చిన పిల్లలన్నీ నేరుగా వాటి మధ్యకే వెళ్లాయి! ఒక్కోటి సెంటీమీటరు కూడా లేదు, అయినా నల్లచారలు స్పష్టంగా ఉన్నాయి. మగదాన్ని వెంటనే పెద్ద ట్యాంకులోకి పంపి, సన్నగా తరిగిన రొయ్య ముక్కలు కొంచెం కొంచెంగా పెట్టాను.

పిల్లలకు మొదటి రోజు నుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి పిల్లలు. భీమిలి వైపు రొయ్యల హేచరీలు వాడేదీ ఇదే కాబట్టి మనకు గుడ్ల డబ్బా దొరకడం కష్టం కాదు. ఉప్పునీళ్లలో, 28 డిగ్రీల్లో, గాలి బాగా పెడితే ఒక రోజులో పొదుగుతాయి. వాటినే ఎప్పుడూ పెడితే సరిపోదు. వాటిలో ఒమేగా-3 కొవ్వులు తక్కువ, అవి చాలకపోతే లైటు వేసినా, ఎవరైనా దగ్గరికొచ్చినా పిల్లలు ఉలిక్కిపడి గిలగిలా కొట్టుకుని చచ్చిపోతాయి. అందుకే రెండో పూటకి, పొదిగిన మర్నాటికి నోరు తెరుచుకున్న ఆర్టీమియాకి హుఫా (ఒమేగా-3 లాంటి కొవ్వులున్న) ద్రావణం పట్టించి పెడుతున్నాను. గదిలో రాత్రంతా చిన్న బెడ్‌లైటు ఉంచుతున్నాను, చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగు రాకూడదు.

మే

ఎండల టెన్షన్ మొదలైంది. నీటిపైకి ఫ్యాన్ పెడితే వేడి తగ్గే మాట నిజమే కానీ, మన ఊరి ఉక్కపోతలో గాలి నిండా తేమే, పెద్దగా పనిచేయదు. ఫ్యాన్‌తో ఒకటి రెండు డిగ్రీలే దిగుతోంది, మధ్యాహ్నం ఏసీ తప్పట్లేదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి రోజూ తగ్గినంత మేర ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోయాలి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కాబట్టి కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు వెంటనే పెట్టాలి.

పిల్లలు ఇప్పుడు ఫ్రీజ్ చేసిన మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవి) తురుము అందుకుంటున్నాయి. ఆర్టీమియా పెట్టేటప్పుడే అందులో కలిపి అలవాటు చేశాను. పెద్దయ్యాక జతకట్టిన రెండూ మిగతావాటిని తరిమి చంపుతాయి, అన్నిటినీ ఒకచోట ఉంచలేను. మంచినీటి ట్యాంకు నుంచి ఉప్పునీటికి మారుతున్న ఇద్దరు స్నేహితులకు కొన్ని ఇవ్వాలనుకుంటున్నాను, వాళ్ల ట్యాంకుల్లో అమ్మోనియా సున్నాకొచ్చాకే.