పిల్లలకు వాయిదా చెప్పేటప్పుడు దేవుని పేరు

"దేవుని సమయం అంటే, మీరు వద్దనడమేనా?" అని అడిగింది మా పదేళ్ల అమ్మాయి. ఈ వేసవికి అమెరికా నుంచి శ్రీకాకుళం జిల్లా టెక్కలి వెళ్తున్నామా అని తను అడిగితే, "దేవుని సమయంలో వెళ్తాం" అని మేం చెప్పిన జవాబుకి వచ్చిన ప్రశ్న అది. పొగరుగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. విశ్వాసుల ఇంట్లో దీనికి జవాబు ఉండి తీరాలి. టిక్కెట్లు, ఇల్లు కొనడం, ఉద్యోగం మారడం, చివరికి వచ్చే వారం గృహకూటం, అంటే ఇళ్లలో జరిగే ప్రార్థన, ఎవరింట్లో అన్నది కూడా, అన్నిటికీ మనం అదే మాట వాడుతున్నాం మరి.

ఊళ్లో నాయనమ్మ ఫోన్‌లో "పెబువు సిత్తమైతే వొచ్చెత్తార్లే" అన్నప్పుడు ఆ మాట వెనక దాచిన నిర్ణయం ఏమీ ఉండదు. బైబిల్లో యాకోబు 4:15 నేర్పిన మాట అది, ఆమె అలాగే నమ్మి అంటుంది. మనం అనేటప్పటికి సెలవుల లెక్క, డబ్బు లెక్క అయిపోయి ఉంటాయి. పిల్లలు ఆ తేడా ఇట్టే పసిగడతారు.

అందుకే ఆగిన పని ఎవరి చేతిలో ఆగిందో ముందు విడదీసి చెప్పాలి.

కొన్ని మన చేతిలోనివి. అమెరికా పాస్‌పోర్టు పదహారేళ్లలోపు పిల్లలకు 5 ఏళ్లకే ఇస్తారు, పెద్దలకు 10 ఏళ్లకు. పెద్దలు తమ తేదీ చూసుకుని పిల్లలదీ అలాగే ఉందనుకుంటారు. గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి. పిల్లల దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి, ఒకరు రాలేకపోతే నోటరీ చేసిన సమ్మతి పత్రం పంపాలి. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాక ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) పోర్టల్‌లో దాని నకలు, కొత్త ఫోటో ఎక్కించాలి. ఇవి చూసుకోక ప్రయాణం ఆగితే "ప్రభువు ఆపాడు" అనకూడదు. "మేం చూసుకోలేదు, నీకు బాధ కలిగించాం" అని చెప్పాలి. అలాగే డబ్బు చాలకపోతే చాలలేదనే చెప్పాలి. పదేళ్ల పిల్లకు అది అర్థమవుతుంది.

కొన్ని మనుషులు రాసిన చట్టాల చేతిలో ఉంటాయి. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు కోసం చేసే ప్రార్థనలు మన సహవాసాల్లో ఎన్నో. ఏటా ఇచ్చే కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారత్‌లో పుట్టినవారి వరుస ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. వరుస ఎవరి వరకు వచ్చిందో చెప్పే నెలనెలా వీసా బులెటిన్‌లో తేదీ ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లలకు చట్టం లెక్కించే వయసు 21 దాటితే ఆ దరఖాస్తులో చోటే పోతుంది. ఈ కారణాలు పిల్లలకు తెలియాలి. లేకపోతే తమ ఇంటినే దేవుడు ఎందుకు ఆపుతున్నాడో అని లోలోపల కుమిలిపోతారు. చట్టం మారాలని ప్రార్థించవచ్చు, ఆ చట్టం రాసింది మాత్రం దేవుడు కాదు.

మిగిలినవి నిజంగా మన ఎవరి చేతిలోనూ లేనివి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు, అంటు జీడికి మూడేళ్లు. అక్కడ తాతయ్య ఉన్న పిల్లలు ఆయన్నే అడగాలి: ఏ మొక్క తెచ్చారు, నీళ్లెలా పెట్టారు, కాపు లేని ఏళ్లలో ఇల్లెలా గడిచింది అని. కనిపెట్టుకొని ఉండడం, అంటే దేవుని కోసం ఎదురుచూడడం, చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని ఆయన చెప్పినంత బాగా మనం చెప్పలేం.

ఆయనతో మాట్లాడడానికి కుటుంబ ప్రార్థన వేళే మేలు. తూర్పు అమెరికాలో రాత్రి ఎనిమిదిన్నరంటే వేసవిలో శ్రీకాకుళంలో ఉదయం ఆరు, నవంబరులో గడియారం మారాక ఏడు. ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు ఆరింటి నుంచే ఫోన్ పట్టుకుని కూర్చుంటారు.

కొత్త ఏడాదికి ఒక్కో వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చాలామంది పిల్లల చేతికి యిర్మీయా 29:11 వస్తుంది, సమాధానకరమైన ఉద్దేశాల గురించిన వచనం. దానికి పైనున్న 10వ వచనం అందుకు 70 ఏళ్లు ఆగాలంటుంది. 5వ వచనం ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటమని చెబుతుంది. పరాయి దేశంలో ఉన్న కుటుంబాలకు రాసిన ఉత్తరం అది, మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి అధ్యాయం ఉండదు. కార్డు తీసిన వారంలోనే 4 నుంచి 14 వరకు కూర్చోబెట్టి చదివించాలి. ఒక్క వచనమే ఇచ్చి వదిలేస్తే మార్చి వచ్చేసరికి "ఇంకా జరగలేదేం?" అని అడుగుతారు. ఆ అడగడంలో తప్పు లేదు. అబ్రాహాము కథలోనూ అంతే. సండే స్కూల్లో 75 ఏళ్లకు బయల్దేరాడని, 100 ఏళ్లకు ఇస్సాకు పుట్టాడని చెబుతారు. మధ్యలో 86 ఏళ్ల దగ్గర, ఆగలేక దాసి హాగరు ద్వారా కన్న ఇష్మాయేలు, ఆమె పడ్డ బాధ ఉన్నాయి. కాస్త పెద్ద పిల్లలకు అదీ చెప్పాలి. పెద్దల తొందర ఎవరిమీద పడుతుందో అక్కడ కనిపిస్తుంది.

ఇంట్లో ఒక ప్రార్థన పుస్తకం పెట్టుకుంటే మంచిది. నాలుగు గడులు చాలు: తేదీ, పిల్ల మాటల్లోనే విన్నపం, అందులో మనం చేయాల్సిన పని, ఏం జరిగింది. చివరి గడిలో "కాదు" అని రాయడానికి భయపడకూడదు. జరిగినవే రాసి మిగతావి వదిలేస్తే పుస్తకం అబద్ధం చెబుతుంది. గృహకూటంలో సాక్ష్యాలూ అలాగే అవుతున్నాయి: వీసా వచ్చినవారే లేచి నిలబడతారు. ఇంకా కనిపెట్టుకొని ఉన్నవారికీ రెండు నిమిషాలు ఇవ్వమని పాస్టరు అయ్యగారిని అడగాలి. పిల్లలు వారి మాటలూ వినాలి.

ఇంతవరకు చెప్పినదంతా ఒక చోట ఆగిపోతుంది. కాగితం రాక ప్రయాణం వాయిదా పడుతుంది, ఈలోగా నాయనమ్మ కన్నుమూసి ప్రభువునందు నిద్రిస్తుంది. అది చట్టమా, మన ఆలస్యమా, దేవుని సమయమా? నేను విడదీయలేను. లాజరు జబ్బుగా ఉన్నాడని విని కూడా యేసు రెండు రోజులు ఉన్నచోటే ఉన్నాడు. "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అని మార్త ముఖం మీదే అంది, ఆయన గద్దించలేదు. పిల్ల కూడా ఆ మాట అనాలనుకుంటే ప్రార్థనలో అననివ్వాలి. ఆదరించడానికి ఇంటికొచ్చే సహోదర సహోదరీలకు గుమ్మం దగ్గరే నెమ్మదిగా చెప్పాలి, ఈ రోజుకి పిల్లతో "దేవుని సమయం" అనకండి, పక్కన కూర్చోండి చాలు అని. ఎన్నాళ్లకు అనవచ్చో, అసలు అనవచ్చో లేదో, నాకింకా తేలలేదు.