జూన్‌లో ఎక్కడుంటావురా?

ఈ రోజు మా పదో తరగతి పిల్లల ఫేర్‌వెల్ అయిపోయింది. నా చీర కొంగుకి కొవ్వొత్తి మైనం అంటుకుంది. కాగితం వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే వస్తుంది, రేపు చూసుకుంటాను. ముందు ఇది రాసేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

నేను విశాఖపట్నం ఒన్ టౌన్‌లో ఒక క్యాథలిక్ మగపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఇరవై మూడేళ్లయింది. పిల్లల ఇళ్ల సంగతులు రాస్తున్నాను కాబట్టి బడి పేరూ వాళ్ల పేర్లూ రాయను. హాజరు పట్టీలో వాళ్ల నంబర్లు రాస్తాను. అలా పిలవడం మాకు అలవాటే. "పదిహేడు ఏడిరా?" అంటే క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తుంది.

పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఈ ముగ్గురూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. స్నేహం కుదిరి కూర్చున్నవాళ్లు కాదు. పేర్లు అక్షర క్రమంలో పక్కపక్కన వచ్చాయి, ఆరో తరగతి క్లాస్ టీచర్ ఆ వరసలోనే కూర్చోబెట్టారు, అంతే. పదిహేడు వాళ్ల నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద కలాసీ. పద్దెనిమిది వాళ్ల నాన్న కురుపాం మార్కెట్ దగ్గర బంగారం పని చేస్తారు. పంతొమ్మిది వాళ్ల నాన్న డాక్‌యార్డ్ ఉద్యోగి, క్యాథలిక్ కుటుంబం, పిల్లాడు ఆదివారం పూజలో ఫాదర్ పక్కన నిలబడతాడు. బడి లేకపోతే ఈ మూడు ఇళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కేవి కావు. ఇప్పుడు పద్దెనిమిది వాళ్లమ్మ కట్టే చపాతీల్లో రెండు పదిహేడు కోసమే. ఆవిడే నాతో చెప్పింది, "లెక్క పెట్టి ఎక్కువే కడతానండి, వాడు ఒక్కోరోజు తినకుండా వచ్చేస్తాడట" అని.

వాళ్లతో నాకు బాగా గుర్తుండిపోయేది ఛందస్సు పాఠం. నవంబరు దాకా పదిహేడుకి గురులఘువులు తలకెక్కలేదు. "యమాతారాజభానసలగం" అని పాటలా అప్పజెప్పేవాడు గాని పద్యపాదం ఇస్తే గుర్తులు తప్పు పెట్టేవాడు. ఒకరోజు నేను బోర్డు మీద రాస్తుంటే వెనక టకటక చప్పుడు. తిరిగి చూస్తే వాడు బెంచీ మీద కొడుతున్నాడు. గురువొస్తే అరచెయ్యి, లఘువొస్తే వేలు. ఏంట్రా అది అంటే, "బోటు లాగేటప్పుడు మావోళ్లు ఇలాగే పదం కడతారు మిస్, ఎక్కడ బలంగా లాగాలో చెయ్యికి తెలుస్తాది" అన్నాడు. ఆ రోజు ఉత్పలమాల మొత్తం క్లాసు చేత బెంచీల మీద కొట్టించాను. భ ర న భ భ ర వ, ఇరవై అక్షరాలు, నలభై ఏడు మంది. పక్క క్లాసు లెక్కల సార్ వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ప్రీఫైనల్లో ఆ ప్రశ్న తప్పు రాసినవాళ్లు ముగ్గురే, అందులో పదిహేడు లేడు.

ఫేర్‌వెల్ ప్రతి ఏడూ ఫిబ్రవరి చివర్లోనే పెడతాం, సైన్స్ డేకి అటూ ఇటూగా. మా ఒన్ టౌన్‌లో సైన్స్ డే అంటే సి.వి. రామన్ గారి మాట రాక తప్పదు. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆనెసీ నుంచి ఓడ ఎక్కి 1846లో విశాఖ చేరారు. మరుసటి ఏడాది, 1847లో, సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. రామన్ గారు చదివింది ఆ బడిలోనే. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు, పదమూడేళ్లకి ఎఫ్.ఏ. (అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది), ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1930లో నోబెల్. పిల్లలకి ఆ పదకొండేళ్ల సంగతే ఆశ్చర్యంగా ఉంటుంది. నాకు మాత్రం వాళ్ల నాన్నగారు గుర్తొస్తారు. ఆయన ఇక్కడే ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. మెట్రిక్ తర్వాత ఏం చదవాలి, ఎక్కడ చదవాలి అనేదానికి ఆ ఇంట్లో జవాబు చెప్పే మనిషి ఉన్నాడు. మా పిల్లల్లో సగం ఇళ్లల్లో పదో తరగతి దాటిన మనిషే లేడు.

ఇది నాకు తెలిసొచ్చిన తీరు చెప్పాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మా బడి ఆవరణలో చెట్లన్నీ పడిపోయాయి. హార్బర్‌లో బోట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. ఆ ఏడు పదో తరగతిలో ఒక పిల్లాడి ఇంటి పైకప్పు పోయింది, వాళ్ల నాన్న పనిచేసే బోటు పోయింది. అయినా వాడు పుస్తకాలు ఎండలో ఆరబెట్టుకుని చదివాడు. అప్పుడు మార్కులు కాదు, గ్రేడు పాయింట్లు. వాడికి 9.2 వచ్చింది. బడికి స్వీట్లు తెచ్చాడు. నేను తల నిమిరి "బాగా చదువుకో నాన్నా" అన్నాను. ఎక్కడ చేరుతున్నావని అడగలేదు. 9.2 వచ్చినవాడు ఎక్కడో ఒకచోట చేరతాడనుకున్నాను.

రెండేళ్ల తర్వాత చేపలకని హార్బర్‌కి వెళ్తే ఐసు దిమ్మ భుజాన పెట్టుకుని ఎదురొచ్చాడు. దిమ్మ కింద పెట్టి "గుడ్ మార్నింగ్ మిస్" అన్నాడు. ఎక్కడా చేరలేదు. ఆ జూన్‌లో అప్పు తీర్చాలని బోటెక్కాడట, తర్వాత మళ్లీ అడిగినవాళ్లు లేరట. "ఎవరూ అడగలేదు మిస్" అన్న మాటలో నిష్ఠూరం లేదు, మామూలుగానే చెప్పాడు. నేను చేపలు కొనకుండా ఇంటికొచ్చేశాను.

బోటు పని తక్కువదని నేను అనడం లేదు. ఆ పని చేసే ఇళ్ల పిల్లలకి ఇరవై మూడేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఆ చేతుల విలువ నాకు తెలుసు. ఆ పిల్లాడు దాన్ని ఎంచుకోలేదు, అది నా బాధ. నేను అడగాల్సిన రోజున అడగలేదు.

ఆ ఏడాది నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఫేర్‌వెల్ రోజు ఒక్కొక్కడినీ పిలిచి ఒకే ప్రశ్న అడుగుతాను. జూన్‌లో ఎక్కడుంటావురా? వాడు చెప్పింది వాడి చేతే రాయిస్తాను, పక్కన ఇంట్లో ఫోన్ ఎత్తే మనిషి నంబరు. జూన్ మొదటి వారంలో అందరికీ ఫోన్ చేస్తాను. ఎక్కడా చేరనివాళ్లు ఏటా నలుగురైదుగురు తేలతారు. వాళ్ల ఇళ్లకి వెళ్తాను. కొందరిని ఒప్పించగలిగాను, అందరినీ కాదు.

వెళ్లినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు గట్టి మాటలున్నాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పుస్తకాలు ఉచితం. డొక్కా సీతమ్మగారి పేరుతో మధ్యాహ్న భోజనం 2025 జనవరి నుంచి అక్కడా పెడుతున్నారు. తల్లికి వందనం డబ్బులు ఇంటర్ పిల్లలకి కూడా వర్తిస్తాయి. ఇవన్నీ తెలియక ఆగిపోయిన ఇళ్లు నేను చూశాను. ఫీజు కట్టలేమనే భయంతో కాలేజీ గుమ్మం దాకా కూడా వెళ్లరు.

వేటకి వెళ్లే ఇళ్లతో ఇంకో చిక్కుంది. మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. కాబట్టి రిజల్ట్స్ వచ్చే రోజుల్లో నాన్నలు ఇంట్లోనే ఉంటారు, మాట్లాడటానికి అంతకు మించిన సమయం లేదు. కానీ ఆ రెండు నెలలూ సంపాదన ఉండదు. కాలేజీలు తెరిచే రోజులూ బోట్లు మళ్లీ కదిలే రోజులూ ఇంచుమించు ఒకటే. బోటు మీద ఒక మనిషి తక్కువైతే, పదిహేనేళ్ల కొడుకు ఇంట్లో కనబడతాడు.

సరే, ఈ రోజు సంగతి. ఉదయం ప్రార్థన, తర్వాత ఫాదర్ పెన్నులకి దీవెన ఇచ్చారు. అందరూ తమ పెన్నులు ఒక పళ్లెంలో పెడతారు. ఆ పళ్లెం చూస్తే నాకు ఎప్పుడూ కడుపు నిండుతుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన పెన్నులకి పసుపు అంటుకుని ఉంటుంది. రాస్ హిల్ మీద మేరీమాత పాదాల దగ్గర పెట్టి తెచ్చినవి కొన్ని, దర్గా కొండ మీద దువా చేయించి తెచ్చినవి కొన్ని. ఫాదర్ అన్నిటి మీదా ఒకేలా చెయ్యి పెట్టి ప్రార్థించారు. తన వేళ్లకి అంటిన పసుపు తుడుచుకోలేదు.

డాన్సులు, స్పీచులు ఎప్పటిలాగే. తొమ్మిదో తరగతి పిల్లలు సమోసా, లడ్డూ, కూల్‌డ్రింక్ పంచారు.

చివర కొవ్వొత్తులు. హాజరు పట్టీ వరసలో నిలబడి, ఫాదర్ చేతిలో కొవ్వొత్తి నుంచి మొదటివాడు వెలిగించుకుని రెండోవాడికి అందించాలి, అలా చివరిదాకా. ఆ తర్వాత వాటిని తొమ్మిదో తరగతి వాళ్ల చేతుల్లో పెట్టాలి. పదిహేడు రాలేదు. పొద్దుటి నుంచీ లేడు. వాళ్ల నాన్న బోటు రాత్రి ఒడ్డుకొచ్చింది, సరుకు దించడానికి వెళ్లాడని పంతొమ్మిది చెప్పాడు. పదహారు వెలిగించాడు. వాడి పక్కన ఒక మనిషి పట్టే ఖాళీ. పద్దెనిమిది ముందుకి జరగలేదు. "జరగరా" అన్నారు పీఈటీ సార్. వాడు జరగకుండానే చెయ్యి చాచి పదహారు దగ్గర వెలిగించుకుని ఇటు పంతొమ్మిదికి అందించాడు. రెండో చేతిలో వెలిగించని కొవ్వొత్తి ఒకటి పట్టుకున్నాడు.

అన్నీ వెలిగాక, పాట సగంలో ఉండగా గేటు దగ్గర నుంచి పరుగున వచ్చాడు పదిహేడు. యూనిఫాం వేసుకున్నాడు, తల తడి ఆరలేదు, చేపల వాసన పోలేదు. నేరుగా వచ్చి ఆ ఖాళీలో నిలబడ్డాడు. పద్దెనిమిది ఏమీ అనకుండా రెండో కొవ్వొత్తి వెలిగించి ఇచ్చాడు. నా కొంగు మీద మైనం అప్పుడు పడిందే, నేను చూసుకోకుండా వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం నోటుబుక్కు తీశాను. పద్దెనిమిదికి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో డిసెంబరులోనే సీటు కట్టేశారు, ఎంపీసీ. ఆఖరి పరీక్ష అయిన వారానికే హాస్టల్. పంతొమ్మిది వాళ్ల నాన్నకి బదిలీ అయింది, ముంబై వెళ్తారు. ఆ బెంచీ ఇక ఉండదు. పరీక్ష హాల్లో మాత్రం హాల్ టికెట్ నంబర్లు వరసగానే వచ్చాయి, ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. మొదటిది నా తెలుగు పేపరే, పొద్దున తొమ్మిదిన్నరకి.

పదిహేడు ఆఖర్న వచ్చాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు రాయలేదు. నేను తొందరపెట్టలేదు. చివరికి రాశాడు, "పాలిటెక్నిక్, కంచరపాలెం, మెకానికల్".

"ఎందుకురా మెకానికల్?"

"బోటు ఇంజన్ ఆగిపోతే సముద్రంలో ఎవరికీ తెలీదు మిస్. ఒకసారి నాన్నోళ్లు రెండు రోజులు ఉండిపోయారు."

ఈ మాట ఐదేళ్లలో వాడు నాతో ఎప్పుడూ చెప్పలేదు.

పాలిటెక్నిక్‌లో చేరాలంటే పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలని వాడికి తెలుసు గాని, దరఖాస్తు పదో తరగతి పరీక్షల రోజుల్లోనే పెట్టాలని తెలియదు. రిజల్ట్స్ వచ్చాక చూద్దామనుకున్నాడట. నూట ఇరవై మార్కుల పేపరు, లెక్కలకి యాభై, ఫిజిక్స్‌కి నలభై, కెమిస్ట్రీకి ముప్పై. లెక్కల సార్‌ని పిలిచి అక్కడే ఒప్పించాను, ఏప్రిల్‌లో రోజూ గంటసేపు చెబుతారు. దరఖాస్తు నా ఫోన్లో నేనే నింపుతాను.

"నాన్నకి చెప్పావా?"

తల అడ్డంగా ఊపాడు. "మీరు వచ్చి చెప్పండి మిస్. వేట ఆగాక ఇంటికాడే ఉంటాడు."

నోటుబుక్కు నా వైపు తిప్పుకుని వాడి పేరు పక్కన రాశాను: ఏప్రిల్ 16, సాయంత్రం ఐదింటికి. వాడు వంగి చూసి, కింద వాళ్లింటికి దారి గీశాడు. హార్బర్ గేటు, ఐసు ఫ్యాక్టరీ, కుళాయి, నీలం తలుపు.