డెంగీ పాజిటివ్ వచ్చిందని మలేరియా పరీక్ష మానొద్దు

డెంగీని పట్టే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష పాజిటివ్ రాగానే చాలామంది మలేరియా సంగతి వదిలేస్తారు. పాడేరు, భద్రాచలం వైపు ఏజెన్సీల్లో రెండూ ఒకే ఒంట్లో ఉండొచ్చు. ఒక దోమ పగలు కుడుతుంది, ఇంకోటి రాత్రి; సీజన్ మాత్రం అదే వానాకాలం.

అసలు చిక్కు హెమటోక్రిట్‌తో, అంటే రక్తంలో ఎర్రకణాల శాతంతో. డెంగీలో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, రక్తనాళాల్లోంచి బయటికి కారితే ఆ అంకె పెరుగుతుంది, దాన్ని చూసే ప్రమాదం పసిగడతాం. మలేరియా ఎర్రకణాలను పగలగొట్టి అదే అంకెను కిందికి లాగుతుంది. దాంతో రిపోర్టు 'నార్మల్' అంటుంది, రోగి మాత్రం రక్తప్రసరణ పడిపోయి షాక్‌లోకి జారుతుంటాడు. అందుకే మనిషిని చూడాలి: చేతులు చల్లబడ్డాయా, మూత్రం తగ్గిందా, కడుపునొప్పి, ఆగని వాంతులు ఉన్నాయా, బీపీ పై అంకెకీ కింది అంకెకీ తేడా 20కి పడిపోయిందా.

సెలైన్‌తోనూ ఇదే తలనొప్పి. డెంగీ షాక్‌కి ద్రవాలు కావాలి. తీవ్రమైన ఫాల్సిపరం రకం మలేరియాలో అవి ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కొంచెం ఎక్కించడం, మళ్లీ చూడటం, అప్పుడు మిగతాది తేల్చుకోవడం. ప్లేట్‌లెట్లా? రెండింట్లోనూ పడతాయి, వాటిని పట్టుకుని ఏదీ తేల్చలేం.

మలేరియా కిట్ నెగటివ్ అయినా స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చేయించండి, జ్వరం తగ్గకపోతే మళ్లీ. ఈమధ్యే ఫాల్సిపరంకి మందు వాడినవాళ్లకి హెచ్‌ఆర్‌పీ2 అనే ఫాల్సిపరం ప్రొటీన్‌ని పట్టే కిట్ వారాల తరబడి పాజిటివ్ చూపించొచ్చు, అదీ గుర్తుండాలి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ సూది మాత్రం వద్దే వద్దు, ప్లేట్‌లెట్లు పడినప్పుడు రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.