కూలెంట్ మార్చాక ఫ్యాన్ తిరగట్లేదా? ముందు గాలి సంగతి చూడండి

కూలెంట్ మార్చాక ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు బాగానే పోతుంది, ఎందుకంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఆగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఇంజిన్ వేడెక్కుతుంది, ఫ్యాన్ మాత్రం కదలదు. వెంటనే రాణిగంజ్ స్పేర్ పార్టుల మార్కెట్‌కు వెళ్లి కొత్త ఫ్యాన్ మోటారు కొనకండి. నిన్నటిదాకా తిరిగిన మోటారు కూలెంట్ మార్చినంత మాత్రాన పాడవదు. ఎక్కువసార్లు కారణం కూలెంట్ తిరిగే దారిలో చిక్కుకున్న గాలి.

ఫ్యాన్‌ను ఎప్పుడు తిప్పాలో చెప్పేది సెన్సర్. దాని మొన కూలెంట్‌లో మునిగి ఉండాలి. చుట్టూ గాలి చేరితే ఇంజిన్ ఉడుకుతున్నా దానికి తెలియదు. పాత కార్లలో చాలావాటికి ఫ్యాన్ స్విచ్ రేడియేటర్‌లో, డ్యాష్‌బోర్డు మీటరుకు వేడి చెప్పే సెన్సర్ ఇంజిన్ మీద విడివిడిగా ఉంటాయి. అందుకే మీటరు ముల్లు పైకి లేచినా ఫ్యాన్ తిరగదు. కొత్త కార్లలో రెండింటికీ ఒకే సెన్సర్ ఉండటం మామూలు. అప్పుడు ముల్లు కూడా మామూలుగానే ఉంటుంది, కూలెంట్ మాత్రం పొంగిపోతుంది. ఇది ఇంకా ప్రమాదం.

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. రెండు ఫ్యాన్లు ఉంటే ఏది తిరుగుతోందో గమనించండి. రేడియేటర్ ఫ్యాన్ తిరిగిందంటే మోటారు బాగున్నట్టే, ఇక అనుమానం గాలి మీదా సెన్సర్ మీదా. ఇంజిన్ వేడిగా ఉన్నా హీటర్ నుంచి చల్లగాలి రావడం, డ్యాష్‌బోర్డు వెనక గలగల చప్పుడు గాలి ఉందనడానికి గుర్తులు.

ఇంకో లెక్క కూడా ఉంది. పాత కూలెంట్‌ను బకెట్‌లో పట్టి కొలవండి. 4 లీటర్లు దిగి 3 లీటర్లే పట్టిందంటే మిగతా లీటరు చోటులో ఉన్నది గాలే.

గాలి తీయడానికి ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద ముందు భాగం ఎత్తులో ఉండేలా కారు ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి, చక్రాల వెనక రాళ్లు పెట్టండి. హీటర్ పూర్తి వేడికి తిప్పి, బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) ఉంటే కొద్దిగా వదులు చేసి, కూలెంట్ నెమ్మదిగా పోయండి. స్క్రూ దగ్గర బుడగలు ఆగాక బిగించి, మూత తీసే ఉంచి ఇంజిన్‌ను ఐడిల్‌లో నడపండి. రేడియేటర్ హోస్ (రబ్బరు గొట్టం) వేడెక్కకముందే చేత్తో నొక్కి వదులుతుంటే బుడగలు త్వరగా బయటికొస్తాయి. సుమారు 82–88 డిగ్రీల దగ్గర థర్మోస్టాట్ (రేడియేటర్‌కు కూలెంట్ వదిలే వాల్వ్) తెరుచుకోగానే కూలెంట్ మట్టం ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడు నింపి మూత బిగించండి. పొంగితే మాత్రం ఇంజిన్ ఆపేసి చల్లారనివ్వాలి. తర్వాత సాధారణంగా 95–100 డిగ్రీల మధ్య ఫ్యాన్ మొదలవ్వాలి. రెండుసార్లు తిరిగి ఆగేదాకా అక్కడే ఉండండి. ఫ్యాన్ ఎప్పుడైనా మొదలవ్వొచ్చు, చేతులు దూరంగా ఉంచండి.

ఏసీ వేసినా తిరగకపోతే ఫ్యూజు చూడండి, రిలేను (ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్) అదే నంబరున్న హార్న్ రిలేతో మార్చి చూడండి. ఏసీ వేసే ఉంచి, ఫ్యాన్ ప్లగ్ దగ్గర మల్టీమీటరు పెట్టండి. 12 వోల్టులు వస్తున్నా తిరగకపోతేనే మోటారును తప్పుపట్టాలి. తాళం తిప్పగానే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందా? హోస్ తీసేటప్పుడు సెన్సర్ కనెక్టర్ ఊడి ఉండొచ్చు. సిగ్నల్ అందకపోతే చాలా ఈసీయూలు (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్లు) ముందుజాగ్రత్తగా ఫ్యాన్ వేసే ఉంచుతాయి.

బోరు నీళ్లు మాత్రం కలపొద్దు. మన దగ్గర వాటిలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ గొట్టాల్లో పొర కడుతుంది. గాఢ కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, రెడీమిక్స్ అయితే ఏమీ కలపకుండా అలాగే పోయండి. రంగు చూసి రకం నిర్ణయించకండి, డబ్బా మీదిది చదవండి. దించిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు తాగితే చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి గ్యారేజీలో ఇచ్చేయండి.